మనసు విరిగిన ఆటగాని పక్కన: సయ్యద్ అబ్దుల్ రహీం

ఆటలో ఓడిపోయిన వానిని ఓదార్చడానికి పదిమంది ముందుకు వస్తారు. ఆట మీదనే మనసు విరిగిన వాని పక్కన నిలబడడానికి మాత్రం ఎవరికీ దారి తోచదు. ఓటమి దుఃఖం నాలుగు రోజులలో చల్లారుతుంది. మనసు విరిగినవాడు వేళకు మైదానానికి వస్తూనే ఉంటాడు, బూట్లు కట్టుకుంటాడు, బంతిని తంతాడు; కాని అతని చూపు ఇంటిదారి మీదనే ఉంటుంది. కొన్నాళ్లకు రావడమే మానుకుంటాడు. కళాశాల జట్టులో ఆడిన ప్రతి విద్యార్థికీ ఇటువంటి తోటి ఆటగాడు ఒకడైనా తారసపడి ఉంటాడు. మందలిస్తే అతడు దూరమవుతాడు, జాలిపడితే చిన్నబుచ్చుకుంటాడు, ఊరక ఉంటే చేజారిపోతాడు. అట్టివానికి తోడుగా నిలవడం ఎట్లాగో తెలిసిన ఉపాధ్యాయుడు ఒకరు మన హైదరాబాదు నగరంలోనే జీవించారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లు ఆయనను రహీం సాహెబ్ అని పిలిచేవారు. మనమూ ఆ పేరుతోనే పిలుచుకుందాము.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులయ్యారు. చదువుకునే రోజులలో విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. తరువాత బడిపంతులు వృత్తిని స్వీకరించారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఆయన పనిచేసిన పాఠశాలలలో కొన్ని. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటపాటల బాధ్యతను కూడా తలకెత్తుకున్నారు. ఆయన జీవితంలోని తక్కిన ఘనకార్యాలన్నింటికీ ఈ బడిపంతులు ఉద్యోగమే పునాది అని నా అభిప్రాయం. నలభైమంది పిల్లలున్న తరగతిలో వెనుక బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న పిల్లవానిని గుర్తుపట్టడం, అతనికి చేతనైన లెక్క నొకదానిని ముందు ఇచ్చి చేయించడం మంచి ఉపాధ్యాయునికి అలవాటైన పని. రహీం సాహెబ్ మైదానంలో చేసినది కూడా ఇదే.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. మరణించే వరకు ఆ పదవిలో కొనసాగారు. ఆ కాలంలో ఆయన యువకుల కోసం కొన్ని విచిత్రమైన పోటీలు ఏర్పాటు చేసేవారు. ఒక పోటీలో ఆటగాడు తనకు వాటంలేని కాలితో మాత్రమే బంతిని తన్నాలి. మరొక దానిలో బంతిని కాళ్లకు అంటిపెట్టుకుని పరుగెత్తే డ్రిబ్లింగ్ నిషిద్ధం. అందిన బంతిని వెంటనే తోటివానికి అందించవలసిందే. ఈ పోటీల వలన రెండు కాళ్లూ సమానంగా పనిచేసే ఆటగాళ్లు తయారయ్యారని పెద్దలు మెచ్చుకున్నారు. అది నిజమే. వాటిలో మరొక మేలు కూడా కనిపిస్తుంది. కుడికాలి వాటం గల మేటి ఆటగాడు ఎడమకాలితో తన్నవలసి వచ్చినప్పుడు అతడూ తడబడతాడు, నిన్న చేరిన కుర్రవాడూ తడబడతాడు. అందరూ తప్పులు చేసే చోట తన తప్పును చూసి సిగ్గుపడవలసిన పని ఎవనికీ ఉండదు. డ్రిబ్లింగ్ లేని ఆటలోనైతే పక్కవాడు లేనిదే ఒక్క అడుగు ముందుకు సాగదు. ఆటలో తోడు అంటే ఏమిటో ఉపన్యాసం లేకుండానే తెలిసిపోతుంది.

1950లో హైదరాబాదు సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలుచుకున్నది. కలకత్తా జట్లకు తప్ప తక్కినవారికి ఫుట్‌బాల్ రాదనుకునే రోజులలో దక్షిణాది నుండి వచ్చిన ఒక పోలీసు జట్టు దేశం దృష్టిని తనవైపు త్రిప్పుకున్నది. 1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాదు రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీని వరుసగా రెండుసార్లు గెలిచినప్పుడు కూడా ఆ విజయాల వెనుక రహీం సాహెబ్ పెంచిన ఆటగాళ్లే ఉన్నారు. కప్పుల జాబితా ఇంకా పొడిగించవచ్చును. కాని మన విషయం అది కాదు.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు ఆయన భారత జట్టుకు శిక్షకులు. తుది ఆటలో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో మన జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకం గెలిచింది. దేశమంతటా సంబరం. మరుసటి ఏడాదే ఆ సంబరం అణగారిపోయింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా జట్టు మన జట్టును 10-1 తేడాతో ఓడించింది. మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండా ఉత్తి కాళ్లతో ఆ చలిదేశపు నేల మీద ఆడారు. మన పక్షాన అహ్మద్ ఖాన్ కొట్టిన ఒక్క గోలే దక్కింది. ఒక శిక్షకుని జీవితంలో ఇంతకంటె తలవంపు ఏముంటుంది? స్వర్ణపతకపు జట్టు పదహారు నెలలలో పది గోళ్లు తిన్నది. మరొకరైతే పరువు మిగిలి ఉండగానే తప్పుకొని, తన బడి, తన పిల్లలు చాలునని సరిపెట్టుకునేవారు.

రహీం సాహెబ్ తిరిగి వచ్చి పనిలో పడ్డారు. ఆ ఒలింపిక్స్ తరువాత దేశంలో బూట్లు ధరించి ఆడడం తప్పనిసరి అయింది. హెల్సింకీలో విజేతగా నిలిచిన హంగేరీ వారి ఆటతీరు, ముఖ్యంగా సెంటర్ ఫార్వర్డ్ వెనుకకు జరిగి ఆటను నడిపించే పద్ధతి, ఆయన శిక్షణలోకి ప్రవేశించింది. నాలుగేండ్ల తరువాత 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరామ్ వారిలో కొందరు. అక్కడ నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టగా మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశంగా చరిత్రకెక్కింది. సెమీఫైనల్‌లో ఎదురైనది ఎవరనుకున్నారు? ఆ యుగోస్లావియాయే. మొదటి సగంలో ఎవరికీ గోలు రాలేదు. రెండవ సగంలో మొదటి గోలు కొట్టినది మనవాడే. ఆ ఆధిక్యం కొద్ది నిమిషాలే నిలిచింది, చివరకు 4-1తో ఓడిపోయాము, బల్గేరియా చేతిలో కూడా ఓడి నాలుగవ స్థానంలో నిలిచాము. అయినా పది గోళ్ల పరాభవాన్ని మోసిన మనిషికి ఆ కొద్ది నిమిషాల ఆధిక్యం ఎంత విలువైనదో ఊహించుకోవచ్చును.

బలరామ్ పేరు వచ్చింది గనుక అతని కథ కొంత చెప్పవలసి ఉన్నది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడకు చెందిన పేదయింటి తమిళ కుర్రవాడు. స్థానిక పోటీలో అతని ఆట చూసి రహీం సాహెబ్ శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుండి హైదరాబాదు మైదానానికి దారి చాలా దూరం. రానుపోను ఖర్చు పెట్టుకునే స్థితి ఆ ఇంటికి లేదు. ఇటువంటి కుర్రవాళ్లు మన చుట్టూ ఎందరో ఉంటారు. రాలేనని చెప్పడానికి అభిమానం అడ్డువస్తుంది, అందుచేత ఇష్టం లేనట్లు నటిస్తారు. చూసేవారు వీనికి శ్రద్ధ లేదని తీర్మానించి మరచిపోతారు. రహీం సాహెబ్ అట్లా తీర్మానించలేదు. సైకిలు అద్దెకు తీసుకొని రమ్మని రూపాయి ఇచ్చారు. ఈ సంగతిని బలరామ్ పెద్దవాడైన తరువాత కూడా కృతజ్ఞతతో చెప్పుకునేవారు. ఉత్సాహం లేదని మనం అనుకునే చోట తరచుగా లేనిది ఆ రూపాయే. అది కనిపెట్టిన కన్ను గొప్పది. బలరామ్ ఆ తరువాత భారతదేశపు మేటి ఫార్వర్డ్‌లలో ఒకరయ్యారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిపి వారిని ఒక త్రయంగా నేటికీ చెప్పుకుంటారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు హంగేరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడింది, ఫ్రాన్సుతో 1-1గా సమానంగా నిలిచింది, పెరూ చేతిలో ఓడి ఇంటిముఖం పట్టింది. ఆ జట్టులో రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. అన్ని ఆటలూ అతడు గట్టు మీద కూర్చొనే చూశాడు, ఒక్కసారీ మైదానంలో దిగలేదు. తండ్రి శిక్షకుడైనందున కుమారునికి ఒరిగినది ఏమీ లేదు. కళాశాలలో జట్లను ఎంపిక చేసే పెద్దలు ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే చాలును.

ఇక జకార్తా. విద్యార్థి మిత్రులారా, రహీం సాహెబ్‌ను అర్థం చేసుకోవడానికి 1962 నాటి ఆసియా క్రీడలలో ఆ పది రోజులు చాలు.

ఆ క్రీడలకు ఆతిథ్యమిచ్చిన ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్ దేశాల ఆటగాళ్లను రానీయలేదు. దానిని భారతీయుడైన క్రీడాధికారి జి.డి. సోంధి బహిరంగంగా ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కాని దాని ఫలితాన్ని అనుభవించినది మాత్రం మన ఆటగాళ్లు. జకార్తా ప్రజల ఆగ్రహం భారతీయులందరి మీదికి మళ్లింది. మన జట్టు ఎక్కడ ఆడినా అరుపులు, ఈలలు, ఎగతాళి. సెప్టెంబరు 3వ తేదీన, అంటే తుది ఆటకు ముందురోజున, ఒక గుంపు మన రాయబార కార్యాలయం మీద దాడి చేసింది.

మైదానంలో పరిస్థితి అంతకంటె బాగుగా లేదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. రెండవ ఆటలో థాయిలాండును 4-1తో గెలిచాము గాని, మన రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఆనాటి నియమాల ప్రకారం గాయపడినవాని బదులు మరొకనిని దించే వీలు లేదు. పదిమందితోనే ఆట ముగించవలసి వచ్చింది. గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో మంచం పట్టగా ప్రద్యుత్ బర్మన్ ఆ స్థానంలో నిలిచాడు. ఇన్నిటి నడుమ జపానును 2-0తో గెలిచి సెమీఫైనల్ చేరారు.

తలకు కట్టు కట్టుకొని గది కిటికీ పక్కన పడి ఉన్న ఆటగాని మనసు ఎట్లుంటుంది? తన అవసరం ఇక లేదని తోస్తుంది. తాను లేకుండానే జపాను మీద గెలిచారు గదా అనిపిస్తుంది. శరీరానికి తగిలిన గాయం కంటె ఈ ఆలోచనే ఆటగానిని ఎక్కువగా కుంగదీస్తుంది. జర్నైల్‌ను తిరిగి వెనుక వరుసలో నిలబెడితే ఎదిరి వారు ఎగురవేసే ప్రతి బంతినీ ఆ కుట్లు పడిన తలతోనే ఎదుర్కోవాలి, అది అపాయం. బయట కూర్చోబెడితే సింహం వంటి ఆటగాడు చేజారుతాడు. రహీం సాహెబ్ మూడవ దారి వెతికారు. కళాశాల రోజులలో జర్నైల్ ముందు వరుసలో ఆడిన సంగతి ఆయనకు తెలుసు. సెమీఫైనల్‌కు ఆ ఫుల్ బ్యాక్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు.

విన్నవారు విస్తుపోయి ఉంటారు. ఆసియాలోకెల్ల గొప్ప రక్షకునిగా పేరు పొందినవానిని, అందులోనూ తలగాయంతో ఉన్నవానిని, గోళ్లు కొట్టడానికి పంపడమా? దక్షిణ వియత్నాం మీద మన జట్టు 3-2తో గెలిచింది. వాటిలో రెండు గోళ్లు నాయకుడు చునీ గోస్వామివి, ఒకటి జర్నైల్ సింగ్‌ది.

ఇందులో వ్యూహం ఎంత ఉన్నదో మనిషిని చదవడం కూడా అంతే ఉన్నది. కుంగినవానికి ధైర్యం చెప్పడం సులభం. కాని ధైర్యవచనాలు విన్నంతసేపే నిలుస్తాయి. రహీం సాహెబ్ అతనికి ఒక కొత్త పని ఇచ్చారు. ఆ పనిలో పాత జర్నైల్‌తో కొత్త జర్నైల్‌ను ఎవరూ పోల్చలేరు. దిగజారానన్న దిగులుకు అక్కడ తావే లేదు. పైగా పడుచుతనంలో ఎంతో ఇష్టంగా ఆడిన చోటికి తిరిగి వెళ్లడంలో ఒక చిన్నపాటి సంతోషం కూడా ఉంటుంది. ఆట మీద ప్రేమ మొదట పుట్టిన చోటును గుర్తుపెట్టుకోవడం తోడుగా ఉండేవారు చేయగలిగిన పని. మనసు విరిగినవానికి అది స్వయంగా గుర్తుకు రాదు.

తుది ఆటలో ఎదుటివారు మళ్లీ దక్షిణ కొరియా, మొదటి ఆటలో ఓడించినవారు. ఆ ముందు రాత్రి సంగతిని పి.కె. బెనర్జీ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. నిద్రపట్టక కొందరు ఆటగాళ్లు బయటికి నడక సాగించారట. అక్కడ రహీం సాహెబ్ కూడా నిద్రలేకుండా కనిపించారట. అప్పటికే క్యాన్సర్ ఆయన దేహాన్ని తొలుస్తున్నది. ఆయన వారిని మందలించి పడుకోమని పంపలేదు. రేపు మీ నుండి నాకొక కానుక కావాలని, ఆ కానుక స్వర్ణపతకమని అడిగారట. అంతవరకు అందరికీ ఇచ్చిన మనిషి ఆ రాత్రి చేయి చాపి అడిగారు. అడగడం కూడా ఒక విధంగా ఇవ్వడమే. నీవు లేనిదే నా పని నెరవేరదని ఆటగానికి తెలియజెప్పడం అది. గదిలో ఒంటరిగా దిగులుపడేవానికి తన మీద ఆధారపడిన మనిషి ఒకడున్నాడని తెలిస్తే లేచి కూర్చుంటాడు.

ఉదయం మరొక ఆశ్చర్యం. బాగా ఆడుతున్న బర్మన్‌ను ఆపి, జ్వరం నుండి లేచిన తంగరాజ్‌ను గోలు ముందు నిలిపారు. కొరియా వారు ఎత్తుగా పంపే బంతులను అందుకోవడానికి ఆ పొడగరి ఎత్తు, అనుభవం కావాలని ఆయన అంచనా. ఈ నిర్ణయం బర్మన్‌కు ఎంత కష్టం కలిగించి ఉంటుందో తలచుకొనక తప్పదు. ఒకని ఆశ నిలబెట్టడానికి మరొకని ఆశ పక్కకు జరుపవలసి వస్తుంది. శిక్షకుని వృత్తిలోని ఈ చేదును కప్పిపుచ్చడం సరికాదు. సెమీఫైనల్ వరకు జట్టును మోసినవారిలో బర్మన్ ఒకడు. పతకంలో అతని పాలు తక్కువ కాదు.

1962 సెప్టెంబరు 4. సెనాయాన్ మైదానంలో లక్షమంది జనం. మన జాతీయగీతం కూడా వారి అరుపులలో వినిపించలేదని ఆటగాళ్లు చెప్పేవారు. అంతటి జనసముద్రంలో మన పక్షాన చప్పట్లు కొట్టినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని కూడా వారే చెప్పుకున్నారు. ముందురోజుననే హాకీ తుది ఆటలో మనలను ఓడించినవారు! ఆట మనుషులను ఎట్లా కలుపుతుందో చూడండి. పదిహేడవ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. మరి మూడు నిమిషాలకు రెండవ గోలు. కొట్టినవాడు తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్. ఆట ముగియవచ్చే వేళకు కొరియా ఒక గోలు తీర్చింది. ఆ తరువాత తంగరాజ్ కోట కూలలేదు. 2-1తో స్వర్ణపతకం మనదయింది. అడిగిన కానుక అందింది.

ఆ తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11వ తేదీన, రహీం సాహెబ్ హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై మూడేండ్లు. ఆ ఏడే బలరామ్ ఊపిరితిత్తుల వ్యాధి వలన ఆట మానవలసి వచ్చింది. 1964లో చునీ గోస్వామి కూడా అంతర్జాతీయ ఆటకు స్వస్తి చెప్పారు. 1970లో బాంకాక్‌లో మనకు కాంస్యపతకం వచ్చింది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషుల జట్టుకు పతకం రాలేదు.

శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం 1985లో నెలకొల్పింది; అప్పటికి రహీం సాహెబ్ పోయి ఇరవై రెండేండ్లు. ఆయన పేరు చాలా కాలం పాతబస్తీ ముసలివారి కబుర్లలోనే బ్రతికింది. 2024లో ఆయన కథతో మైదాన్ అనే హిందీ చలనచిత్రం వచ్చిన తరువాతనే దేశంలోని యువకులు చాలామంది ఆ పేరు విన్నారు. అది చూడడానికి జర్నైల్ సింగ్, తంగరాజ్, బెనర్జీ, గోస్వామి, బలరామ్ ఎవరూ మిగిలి లేరు. రోమ్‌లో గట్టు మీద కూర్చున్న కుమారుడు హకీం తండ్రి వెళ్లిన దారినే నడిచి ఫుట్‌బాల్ శిక్షకుడయ్యాడు, అంతర్జాతీయ రెఫరీగా పేరు పొందాడు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. 2021 ఆగస్టులో ఆయన కూడా వెళ్లిపోయారు.